పెరటి తుప్ప నుంచి చెరువు గట్టు దాకా: విజయనగరంలో చిన్న పిట్టలకు పచ్చదారి వేయడం ఎలా?

విజయనగరంలో చెట్లు లేవని ఎవరైనా అంటే అది సరికాదు. కోట చుట్టుపట్ల, పెద్దచెరువు గట్టున, కంటోన్మెంట్ వైపు పాత ఆవరణల్లో, కళాశాలల ప్రాంగణాల్లో, రైల్వే స్టేషను దగ్గరి వనంగుడి పరిసరాల్లో వెనకటి తరాలవారు పెంచిన చింతలు, వేపలు, రావులు ఇంకా నీడనిస్తూనే ఉన్నాయి. అయితే ఆ చెట్ల కింద ఒక ఉదయం నిలబడి చూస్తే కనిపించేవి చాలావరకు కాకులు, గోరింకలు, పావురాలే. దర్జీపిట్ట, తేనెపిట్ట, ఐయోరా, ఫ్లవర్‌పెకర్ వంటి చిన్న పిట్టలు ఒక ఆవరణలో కిచకిచలాడుతుంటాయి. నాలుగు వీధుల అవతల, అంతకన్నా పెద్ద చెట్లున్న మరో ఆవరణలో వాటి జాడే ఉండదు. దీనికి కారణం చాలాసార్లు చెట్ల కొరత కాదు, ఆ రెండు చోట్ల మధ్య వాటికి దారి లేకపోవడం.

ఈ పిట్టలలో చాలావాటి బరువు పది గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. గద్దలాగా ఎత్తుకు లేచి ఊరు దాటడం గాని, కాకిలాగా బయలులో ధైర్యంగా ఎగరడం గాని వాటి స్వభావం కాదు. కొమ్మ నుంచి కొమ్మకు, తుప్ప నుంచి తుప్పకు, ఆకుల చాటున ఉంటూ, దారిలో దొరికిన పురుగును ఏరుకుంటూ అవి సాగుతాయి. మధ్యలో చెట్టూ చేమా లేని వెడల్పాటి రోడ్డు గాని, చదును చేసిన లేఅవుటు గాని ఎదురైతే చాలావరకు వెనక్కి తిరుగుతాయి. ఏనుగుల కారిడార్ అన్న మాట ఉత్తరాంధ్ర వారికి కొత్త కాదు. ఇక్కడ చెప్పబోయేది కూడా అటువంటిదే, కాకపోతే ఇది ఒక వీధివారు కలిసి ఏర్పాటు చేసుకోగలిగినంత చిన్నది. దీనినే ఈ వ్యాసంలో పచ్చదారి అంటున్నాను.

మొక్క నాటడానికి ముందు చూడవలసినవి

వాన పడగానే మొక్కలు తెచ్చి గుంతలు తవ్వడం మన అలవాటు. దానిని ఈసారికి కొంత వాయిదా వేసి, వేసవి చివరి వారాల్లో గాని శీతాకాలంలో గాని మీ వీధి చుట్టూ ఉదయం పూట నడవండి. తెల్లవారిన తరువాత గంటన్నర లోపు పిట్టలు చురుకుగా ఉంటాయి. ఎండ ఎక్కితే వాటి గొంతు తగ్గిపోతుంది. ఫోనులోని ఉపగ్రహ పటంలో మీ ప్రాంతాన్ని పెద్దది చేసి, కాగితం మీద ముద్రించుకుని వెంట తీసుకువెళ్తే పని సులువవుతుంది.

చిన్న పిట్టలను కంటితో వెతకడం కన్నా చెవితో పట్టుకోవడం తేలిక. దర్జీపిట్ట తన ఒంటికి మించిన గొంతుతో ‘టువిట్ టువిట్’ అని ఒకే మాటను పదే పదే అంటుంది. కంసాలిపిట్ట రాగిబిందె మీద సుత్తి వేసినట్టు ఒకే లయలో ‘టుక్ టుక్’ అంటుంటుంది. ఫ్లవర్‌పెకర్ పొట్టిగా ‘చిక్ చిక్’ అంటూ చెట్టు పైభాగంలో తిరుగుతుంది. గొంతు గుర్తుపట్టడం కష్టమైతే మెర్లిన్ అనే ఉచిత యాప్ ఫోనులో వేసుకోండి. అది చెప్పినదల్లా నిజమని నమ్మకుండా, పిట్టను కంటితో చూసిన తరువాతే రాసుకోండి.

రాసుకోవలసిన సంగతులు మూడు: ఏ పిట్ట, ఎంత ఎత్తులో, ఎక్కడిదాకా వచ్చి ఆగింది. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఉదాహరణకు, దర్జీపిట్ట ఒకటి ప్రహరీ వెంబడి ఉన్న గోరింట కంచెలో గెంతుతూ వస్తుంది. కంచె అయిపోయిన చోట చివరి రెమ్మ మీద ఒక్క క్షణం ఆగి, తోక పైకెత్తి, అటూ ఇటూ చూసి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కాగితం మీద ఆ చోట ఒక అడ్డగీత గీయండి. నాలుగైదు ఉదయాలు ఇలా చూస్తే అడ్డగీతలన్నీ కొన్ని చోట్లనే గుంపుగా చేరడం గమనిస్తారు. మీరు పూడ్చవలసిన ఖాళీలు అవే. మిగిలిన చోట్ల ఎన్ని మొక్కలు నాటినా వీధికి అందమే తప్ప పిట్టల రాకపోకల్లో పెద్ద మార్పు రాదు.

రెండు కొసలు నిర్ణయించుకోవడం

దారి అన్నాక ఒక కొస పిట్టలున్న చోట ఉండాలి. ఊరి అంచున మిగిలిన మామిడి తోట, గెడ్డ గట్టు, చెరువు గట్టు, రైలు కట్ట పక్కన పెరిగిన తుప్పలు, పాత ఆవరణ వంటివి ఇందుకు పనికివస్తాయి. రెండవ కొస మీ పెరడో, పాఠశాల తోటో, గుడి ఆవరణో కావచ్చు. మొదటి ఏడు ఈ రెండింటి మధ్య దూరం అర కిలోమీటరుకు మించకుండా చూసుకోండి. ఊరంతటికీ ఒకేసారి ప్రణాళిక వేసి, ఏ వీధిలోనూ పూర్తిచేయలేక వదిలేసిన పచ్చదనం పనులు మనకు కొత్త కాదు.

దారి అంటే తెగని పచ్చని గోడే కానక్కర లేదు. ఒక తుప్ప, కొంత ఖాళీ, ఒక చిన్న చెట్టు, మళ్లీ కొంత ఖాళీ, ఆపైన ఒక పెరడు, ఇలా మెట్లు మెట్లుగా ఉన్నా చాలా పిట్టలు సర్దుకుంటాయి. నా లెక్కలో ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య ఖాళీ 20 నుంచి 30 మీటర్లు దాటకపోవడం మంచిది. రోడ్డు అడ్డం వచ్చిన చోట ఇరువైపుల చెట్ల కొమ్మలు పైన దగ్గరపడేలా పెంచితే, ఆ రోడ్డు వాటికి అడ్డంకిగా మిగలదు.

ఉన్న తుప్పను కాపాడుకోవడమే సగం పని

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే దీనిని గుర్తుంచుకోండి: పచ్చదారిలో మన ఊళ్లో తెగిపోయినది ఎత్తైన చెట్ల వరుస కాదు, నేలకూ చెట్టు కొమ్మకూ మధ్య ఉండవలసిన తుప్పల వరుస. మనిషి మోకాలి ఎత్తు నుంచి రెండు నిలువుల ఎత్తు వరకు ఉన్న ఈ మధ్య అంతస్తులోనే దర్జీపిట్ట గూడు కడుతుంది, నల్లంచి దాక్కుంటుంది, శీతాకాలంలో ఉత్తరాన్నుంచి వచ్చే వార్బ్లర్ పిట్టలు రోజంతా పురుగులు ఏరుకుంటాయి. శుభ్రత పేరుతో మనం మొదట నరికేది ఈ అంతస్తునే. కాండానికి తెల్లసున్నం పూసి, కింద సిమెంటు దిమ్మె కట్టి, పైన గొడుగులా కొమ్మలు వదిలిన చెట్టు మనిషికి నీడనిస్తుంది గాని, చిన్న పిట్టకు అది బయలులో నిలబెట్టిన స్తంభంతో సమానం.

కాబట్టి మీరు గుర్తించిన రెండు కొసల మధ్య ఇప్పటికే ఉన్న తుప్పలన్నిటినీ మొదట లెక్క వేయండి. ఖాళీ స్థలంలో పెరిగిన వావిలి, అడ్డసరం, బలుసు, రేగు, వాటి మీద అల్లుకున్న కాకిదొండ, తిప్పతీగ, ఇవేవీ కలుపు కావు. కాకిదొండ, తిప్పతీగల ఎర్రని పండ్లను పిగిలిపిట్టలు ఇష్టంగా తింటాయి. ఎకరాల కొద్దీ తోట అక్కర లేదు. మూడు మీటర్ల వెడల్పున్న తుప్పల పట్టీ ఒకటి ప్రహరీ పక్కన మిగిలినా చిన్న పిట్టలు దానిని దారిగా వాడుకుంటాయి.

సర్కారుతుమ్మ, లాంటానా సంగతి వేరు. రెండూ పరాయి జాతులే, రెండూ మిగతా మొక్కలను అణగదొక్కేవే. వాటిని తీసివేయాలనడంలో సందేహం లేదు, కానీ ఒక్కరోజులో జేసీబీ పెట్టి పెకిలించవద్దు. వేరే ఆసరా లేని చోట పిట్టలకు అవే ఇల్లు. మూడో వంతు తీసి, ఆ జాగాలో మన జాతి మొక్కలు నాటి, అవి నడుమెత్తు పెరిగాక మరో మూడో వంతు తీయండి.

ఇక్కడ పాముల భయం గురించి చెప్పక తప్పదు. తుప్ప ఉంచుదామని మీరు అనగానే పక్కింటివారు మొదట అడిగే ప్రశ్న అదే. ఆ భయాన్ని తేలికగా తీసిపారేయకూడదు. వర్షాకాలంలో మన జిల్లాలలో పాముకాటు నిజమైన ప్రమాదం. అయితే పామును ఇంటి దగ్గరకు రప్పించేవి ముఖ్యంగా ఎలుకలు, కప్పలు, దాక్కోవడానికి వీలైన ఇటుకల కుప్పలు, చెత్త, పాత రేకులు. తుప్పల పట్టీని గుమ్మానికి, నడకదారికి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉంచండి. మనుషులు తిరిగే వైపు అడుగుభాగాన జానెడు మేర రెమ్మలు కత్తిరించి నేల కనబడేలా చేయండి. దాని దగ్గర ఇటుకలు, అన్నం మెతుకులు, ధాన్యం ఉండనీయవద్దు. రాత్రి అటు వెళ్లవలసివస్తే టార్చిలైటు తప్పనిసరి. ఇన్ని చెప్పినా ఒప్పుకోని ఇల్లు ఒకటి ఉంటుంది. వారితో వాదించే బదులు దారిని ఎదుటి పక్కకు మళ్లించడం మేలు.

ఏ మొక్కలు, ఎక్కడ

మన నర్సరీలలో అమ్మకానికి ఉండే అలంకార మొక్కల్లో చాలావరకు కడియం వైపు నుంచి వచ్చినవే. క్రోటన్లు, కోనోకార్పస్, పచ్చిక పలకలు చూడటానికి బాగుంటాయి గాని, వాటి మీద మన పిట్టలు తినే పండు గాని, తగినన్ని పురుగులు గాని దొరకవు. పురుగు అనగానే ముఖం చిట్లించవద్దు. తేనె తాగి బతుకుతుందనుకునే తేనెపిట్ట కూడా తన పిల్లలకు పెట్టేది ప్రధానంగా సాలెపురుగులను, మెత్తని పురుగులను. పురుగు పట్టని మొక్క పిట్టకు వట్టి ప్లాస్టిక్ మొక్కే.

ప్రహరీ వెంబడి కంచెగా వేయడానికి వాక్కాయకు మించినది లేదని నా అభిప్రాయం. ముళ్లుంటాయి కనుక పిల్లి చొరబడదు; గుబురుగా పెరుగుతుంది; పండితే పిగిలిపిట్టలు తింటాయి, పచ్చికాయ మీ పప్పులోకి వస్తుంది. వాక్కాయ మధ్యలో బలుసు, గోరింట కలిపి వేయండి. పశువులు, మేకలు తిరిగే వీధిలో మాత్రం కంచె లేకుండా వీటిని బతికించడం కష్టం. అటువంటి చోట మేక ముట్టని అడ్డసరం, వావిలి నాటాలి. అడ్డసరం తెల్లని పూల కోసం తేనెపిట్టలు వస్తాయి, వావిలి పూలకు ఈగలు, తేనెటీగలు ముసురుతాయి, వాటి వెనకే పురుగులు తినే పిట్టలూ వస్తాయి.

ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టును చీపురులా కత్తిరించకుండా ఒక పక్కనైనా పూచి కాయనివ్వండి. నల్లని చిన్న పండ్లను పిగిలిపిట్టలు ఒక్కటి మిగల్చవు. దాని ఆకుల మీద, నిమ్మాకుల మీద పెరిగే సీతాకోకచిలుకల గొంగళ్లు దర్జీపిట్ట పిల్లలకు ఆహారమవుతాయి. మందార, నూరువరహాలు, పారిజాతం ఎలాగూ పూజకు ఉంటాయి; పూలన్నీ కోయకుండా పై కొమ్మలవి వదిలేస్తే చాలు.

వీధి వెంబడి పెద్ద చెట్లకు చోటుంటే కానుగ, వేప, చింత, నేరేడు, బంకనక్కెర మంచివి. ఐయోరా అనే పసుపుపచ్చని పిట్టకు చింత, వేప అంటే ప్రాణం. ఆ సన్నని ఆకుల మధ్య అది ఎక్కడున్నదీ కనిపెట్టలేక మెడ నొప్పి పుడుతుంది. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ కోసం ఒక చింతచెట్టును ఎంతో భక్తితో తెచ్చుకునే ఊరిలో, ప్రతి వీధీ ఆ పండుగ ఏడాదికి గుర్తుగా ఒక చింతమొక్క నాటి పెంచితే ఎంత బాగుంటుందో ఆలోచించండి. మర్రి, రావి, జువ్వి, మేడి పండ్లకు కంసాలిపిట్టలు, పిగిలిపిట్టలు గుంపులుగా చేరతాయి, కానీ వీటి వేళ్లు గోడలను చీలుస్తాయి కాబట్టి వాటి చోటు చెరువు గట్టు, గుడి తోట, బడి మైదానపు మూల. పెరట్లో మాత్రం కాదు.

కరెంటు తీగల కింద ఎత్తు పెరిగే చెట్టు నాటితే ఏటా విద్యుత్ సిబ్బంది వచ్చి దాని తల నరకడం ఖాయం. అక్కడ మూడు నాలుగు మీటర్లకు మించని గోరింట, నూరువరహాలు, వాక్కాయ వేస్తే వారికీ మీకూ గొడవ ఉండదు. తుపాను విషయంలోనూ ఇదే మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో పెద్ద చెట్లు విపరీతంగా కూలిపోయాయి. పచ్చదారి మొత్తం రెండు మహావృక్షాల మీద ఆధారపడితే ఒక్క రాత్రి గాలికి అది తెగిపోతుంది. మధ్యలో తుప్పలుంటే చెట్లు మళ్లీ పెరిగేదాకా పిట్టలకు దారి మిగిలే ఉంటుంది.

నాటే కాలం నైరుతి వానలు నిలదొక్కుకున్న జూన్ చివరి నుంచి జూలై దాకా. నేరేడు, వేప గింజలకు మొలిచే శక్తి కొద్ది వారాలకే తగ్గిపోతుంది కనుక పండు తిన్న వెంటనే, ఆ వానల్లోనే వాటిని సంచుల్లో పెట్టాలి. గోరింట, మందార, తిప్పతీగ కొమ్మ నాటితే బతుకుతాయి. చెట్టు మొక్కకు రెండడుగుల గుంత, తుప్ప మొక్కకు అడుగు గుంత సరిపోతుంది. తుప్పలను వరుసగా సైనికుల్లా నిలబెట్టక, మీటరు, మీటరున్నర ఎడంలో రెండు వరుసలుగా ఎడాపెడా నాటండి. మొదటి రెండు వేసవులు నీళ్లు పోయవలసిందే. అపార్ట్‌మెంటులో ఉండేవారు కూడా తప్పించుకోవలసిన పని లేదు: బాల్కనీలో పెద్ద కుండీలలో మందార, నూరువరహాలు, మీద పాకించిన శంఖుపుష్పం ఉంటే అదీ దారిలో ఒక మెట్టే.

గూడు, కత్తెర, బూజుకర్ర

దర్జీపిట్ట గూడు ఎప్పుడూ చూడనివారు ఈ పని మొదలుపెట్టే ముందు ఒక్కసారైనా దూరం నుంచి చూడటం మంచిది. ఇది నడుమెత్తు తుప్పలో వెడల్పాటి ఆకును ఎంచుకుని, దాని అంచుల వెంట ముక్కుతో చిన్న చిన్న కన్నాలు పొడుస్తుంది. సాలీడు దారమో, దూది పోగో ఒక కన్నంలోంచి లాగి ఎదుటి అంచులోకి దూరుస్తుంది. ముడి వేయదు, దారం కొస ఉబ్బి, కన్నంలోంచి జారకుండా గుండీలా పట్టుకుంటుంది. ఆకు పైభాగం బయటికే ఉంటుంది కాబట్టి పక్కన నిలబడ్డవారికి కూడా అది మామూలు ఆకులాగే కనబడుతుంది. అందుకే కత్తెర పట్టిన తోటమాలి చేతిలో ఈ గూళ్లు ఎన్ని పోతున్నాయో ఎవరికీ తెలియదు.

తేనెపిట్ట గూడుది మరో కథ. అది ఎండుగడ్డి, బెరడు ముక్కలు, గొంగళి రెట్టలు సాలీడు దారంతో అంటించి, సన్నని కొమ్మకో, వసారాలో వేలాడే తీగకో, బట్టలారేసే తాడుకో సంచిలా వేలాడదీస్తుంది. అచ్చం బూజు పట్టిన చెత్తలా ఉంటుంది. పండుగకు ముందు బూజుకర్రతో దులిపేటప్పుడు ఇంటి లోపలి బూజు సరే, వసారా బయటి మూలల్లోనిది కొంత వదిలేయండి. ఈ పిట్టలకు గూడు కట్టే సామగ్రిలో మొదటిది సాలీడు దారమే.

ఇక కత్తిరింపుల కాలం. చిన్న పిట్టలలో ఎక్కువ భాగం మార్చి నుంచి సెప్టెంబరు మధ్య గూళ్లు కడతాయి, తేనెపిట్టలకు మాత్రం అంత కట్టుబాటు లేదు. కాబట్టి కంచెలను డిసెంబరు, జనవరి నెలల్లో కత్తిరించడం క్షేమం. అప్పుడైనా ముందు రెండు నిమిషాలు నిలబడి, పిట్ట పదే పదే ఒకే చోటికి పోతున్నదేమో చూడండి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు అనుకుంటే, ఆ ఒక్క తుప్ప వరకు నెల రోజులు ఆగితే చాలు. ఏటా అంతా ఒకేసారి కాక, కంచెలో ఒక వైపు ఈ ఏడు, మరో వైపు వచ్చే ఏడు కత్తిరిస్తే గుబురు ఎప్పుడూ మిగులుతుంది. తుపానుల కాలానికి ముందు, సెప్టెంబరులో, రోడ్డు మీదకు వంగిన బరువైన ఎండుకొమ్మలు తీయించడం మాత్రం తప్పదు. మనుషుల ప్రాణం ముందు.

అయితే ఎవరి నెత్తినా పడని చోట ఉన్న ఎండుకొమ్మను భోగిమంటకు ఇవ్వకండి. కంసాలిపిట్ట మెత్తబడిన ఎండుకొమ్మను తొలిచి గూడు చేసుకుంటుంది. మునగ కొమ్మ కూడా దానికి అనువైనదే. పాత మునగచెట్టును కాయల కోసం మొదలంటా నరికేటప్పుడు కన్నం ఉన్న కొమ్మ ఒకటి వదిలేయండి.

బదనిక విషయంలో తోట రైతులకు, పిట్టల ప్రియులకు ఎప్పుడూ పేచీయే. మామిడి కొమ్మల మీద పెరిగి వాటి సారాన్ని పీల్చే ఈ మొక్క పండ్లంటే 8 సెంటీమీటర్ల ఫ్లవర్‌పెకర్‌కు పరమ ప్రీతి. బంక గింజలను అది కొమ్మకు రుద్ది వదిలించుకుంటుంది, అక్కడే కొత్త బదనిక మొలుస్తుంది. కాపునిచ్చే మామిడి మీద బదనికను కోసివేయడం న్యాయమే. వీధిలోని ముసలి కానుగ మీద ఒకటి రెండు గుబుర్లు ఉంటే వాటి జోలికి పోవద్దు.

నీళ్లు, పిల్లి, అద్దం, మందు

మట్టి మూకుడులో రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో ఒక గరుకురాయి పెట్టండి. అంతకన్నా లోతైతే చిన్న పిట్ట దిగడానికి జంకుతుంది. మూకుడును తుప్పకు ఆనించి పెడితే పిల్లి పొంచి ఉంటుంది, మరీ బయలులో పెడితే పిట్ట రాదు. రెండు మీటర్ల దూరంలో, పైన ఒక కొమ్మ ఉండేలా అమర్చాలి. నీళ్లు రోజూ మార్చి మూకుడు తోమండి, లేకపోతే పిట్టల కన్నా ముందు దోమలు పెరుగుతాయి. గింజలు, బియ్యం, బిస్కెట్లు వేయడం ఈ పనికి అక్కరకు రాదు. దానివల్ల పెరిగేవి పావురాలు, కాకులు. కాకులు పెరిగితే చిన్న పిట్టల గుడ్లు దక్కవు.

పెంపుడు పిల్లిని తెల్లవారుజామున, సాయంత్రం ఇంట్లో ఉంచగలిగితే చాలా మేలు. వీధి పిల్లులను ఆపలేరు, అందుకే ముళ్ల తుప్పలు.

కొత్త భవనాల అద్దాలలో చెట్టు నీడ ప్రతిఫలిస్తే పిట్ట దానిని నిజమైన చెట్టనుకుని వచ్చి గుద్దుకుంటుంది. అద్దం బయటి వైపు ఐదు సెంటీమీటర్ల ఎడంలో చుక్కలు అంటించినా, సన్నని తాళ్లు వేలాడదీసినా ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఒక్క డేగ బొమ్మ అంటించి ఊరుకుంటే ప్రయోజనం లేదు.

తుప్పలకు పురుగుమందు కొట్టవద్దు. కూరగాయల మీద తప్పనిసరైతే వేపగింజల కషాయం వాడండి, అది కూడా గూడున్న మొక్కను వదిలేసి.

పక్కింటివారు, పురపాలకులు, చట్టం

అర కిలోమీటరు దారిలో మీ స్థలం పట్టుమని ఇరవై మీటర్లు ఉంటుంది. మిగిలినదంతా ఇతరులది. అడగడానికి వెళ్లేటప్పుడు పర్యావరణం మీద ఉపన్యాసం వద్దు. మీరు గీసిన కాగితం, నాలుగు వాక్కాయ మొక్కలు పట్టుకెళ్లండి. పిట్ట ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నదో వారి గోడ దగ్గరే నిలబడి చూపిస్తే, వినకుండా ఉండేవారు తక్కువ. ఇంట్లో పెద్దావిడ ఉంటే ముందు ఆమెను కలవండి. పెరటి మొక్కల మీద ఆఖరి మాట సాధారణంగా ఆమెదే.

రోడ్డు పక్క చెట్లు, పార్కులు, చెరువు గట్లు నగరపాలక సంస్థ పరిధిలోనివి. మొక్కలు నాటడానికైనా, కొమ్మలు తీయించడానికైనా రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తుకు పటం జతచేసి, ఏ చోట ఏ మొక్క, నీళ్లు ఎవరు పోస్తారు అన్నది రాయండి. నీళ్ల బాధ్యత మీరు తీసుకుంటామంటే సగం అభ్యంతరాలు అక్కడితో తీరతాయి. పారిశుధ్య కార్మికులతో నేరుగా మాట్లాడటం అంతకన్నా అవసరం. పైనుంచి ఎన్ని ఉత్తర్వులు వచ్చినా కత్తి పట్టేది వారు. ఉంచవలసిన తుప్ప దగ్గర చిన్న బోర్డు పెట్టి, ఎందుకు ఉంచుతున్నారో ఒకసారి చెప్పండి.

చెట్టు నరికివేతకు ముందు అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టంలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. మన పిట్టలను పట్టి పంజరంలో పెట్టడం నేరం. ఈ సంగతులు తెలుసుకుని ఉండండి గాని, పక్కింటివారితో మొదటి మాటగా వాడకండి.

పని ఫలించిందా అన్నది తెలుసుకోవడం

మొదటి ఏడాది పెద్ద మార్పు కనబడదు. తుప్పలు నడుమెత్తు దాటి, ఒకదానికొకటి రెమ్మలు కలిసిన తరువాతే అసలు రాకపోకలు మొదలవుతాయి. ఏటా ఒకే నెలలో, అదే దారిలో, అదే సమయానికి నడిచి పాత కాగితంలోని అడ్డగీతలతో పోల్చండి. ఏ గీత చెరిగిపోయిందో, ఏది మిగిలిందో తెలుస్తుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్కింపులో పాల్గొని, ఈబర్డ్ అనే వెబ్‌సైటులో మీ జాబితాలు చేరిస్తే, మన ప్రాంతపు పిట్టల లెక్కకు అవి పనికివస్తాయి. గూడున్న చోటును మాత్రం బహిరంగంగా రాయవద్దు. ఫొటోల కోసం వచ్చేవారు ఆకులు తొలగిస్తే కాకికి దారి చూపినట్టే.

దారి కుదురుకున్నాక వలస కాలాలలో మీరు అనుకోని అతిథి ఒకటి రావచ్చు. ఆకుపచ్చ వీపు, కింద ఎర్రని మరక, కంటి మీదుగా నల్లని పట్టీ ఉన్న పొన్నంగి పిట్ట, నవరంగ్ అని కొందరంటారు, రాత్రిపూట ప్రయాణం చేస్తుంది. అలసిపోయి తెల్లవారేసరికి ఇళ్ల మధ్య దిగుతుంది, ఒక్కోసారి గోడకో అద్దానికో తగిలి నేల మీద కూర్చుండిపోతుంది. అది తుప్ప నీడలో ఎండుటాకులు తిరగేసుకుంటూ ఉంటే దాని మానాన వదిలేయండి. కదలలేని స్థితిలో ఉంటే మెత్తని గుడ్డతో పట్టుకుని, గాలి కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, మూతపెట్టి, చప్పుడు లేని చీకటి గదిలో పెట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు, అన్నం మెతుకులు పెట్టవద్దు, పిల్లలకు చూపించడానికి మాటిమాటికీ మూత తీయవద్దు. రెండు గంటల తరువాత పెట్టెను గుబురు తుప్ప పక్కకు తీసుకెళ్లి మూత తెరిచి, దూరంగా జరగండి. రెక్క వేలాడుతున్నా, అప్పటికీ లేవలేకపోయినా అటవీ శాఖ వారికి కబురు చేసి, వారు చెప్పిన ప్రకారం పశువైద్యశాలకు చేర్చండి.